విద్యార్థి సాయంలో అధిక చెల్లింపులు: లెక్క, వసూలు

నియమాల ప్రకారం ఒక విద్యార్థికి రావలసిన ఉపకార వేతనం, ఫీజు, వసతి ఖర్చు ఎంతో, అంతకు మించి ఖజానా నుంచి సొమ్ము వెళ్లిపోతే ఆ మించిన భాగాన్ని అధిక చెల్లింపు అంటారు. దాన్ని తిరిగి రాబట్టడాన్ని దస్త్రాల్లో ‘వసూలు’ అని రాసినా, కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర, గ్రామ సచివాలయంలో వినబడేది ‘రికవరీ’ అన్న మాటే. శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం నుంచి నరసన్నపేటకో టెక్కలికో శ్రీకాకుళానికో బస్సెక్కి చదువుకునే పిల్లల ఇళ్లలో ‘రికవరీ పడింది’ అన్న కబురు వస్తే ఇల్లంతా కంగారు. ఆ సొమ్ము అప్పటికి ఇంట్లో ఉండదు. చాలాసార్లు అది అసలు ఇంటి గడప తొక్కే ఉండదు.

తిరకాసంతా అక్కడే ఉంది. చాలా దేశాల్లో టర్ము మొదట్లోనే సాయం అందుతుంది, చదువు తర్వాత నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో చదువు ముందు నడుస్తుంది, డబ్బు వెనక వస్తుంది, అదీ ఏళ్ల తరబడి కాలేజీ ఖాతాకో తల్లి ఖాతాకో వచ్చింది. అందువల్ల ఇక్కడ అధిక చెల్లింపు లెక్క రెండు ప్రశ్నల మీద తిరుగుతుంది. విద్యార్థికి అర్హత ఏ తేదీ దాకా ఉంది? సొమ్ము ఎవరి చేతిలో పడింది? మొదటి ప్రశ్న మొత్తాన్ని తేలుస్తుంది, రెండోది బాకీదారును తేలుస్తుంది. ఈ రెంటినీ కలగలిపినప్పుడే డబ్బు ముట్టని పిల్లవాడి మీద బాకీ పడుతుంది.

దానం, షరతు

ఇచ్చినది వెనక్కి తీసుకోవడం గురించి ఈ ఊళ్లో పాత మాట ఒకటుంది. శ్రీముఖలింగమే తూర్పు గంగరాజుల రాజధాని కళింగనగరమని శాసనాలు చదివి వాదించినవారిలో గిడుగు వెంకట రామమూర్తి ముఖ్యుడు. ఆయన 1863లో ఆ దగ్గరి పర్వతాలపేటలోనే పుట్టాడు. ఆ ఊరి మధుకేశ్వరాలయంలోని శాసనాల్లో అఖండదీపాలకు ఇచ్చిన మాడల (బంగారు నాణేల) లెక్కలు కనిపిస్తాయి. గంగరాజుల తామ్రశాసనాలు చాలావాటి చివర శాపశ్లోకాలుంటాయి: తానిచ్చినదైనా ఇతరులిచ్చినదైనా దానభూమిని తిరిగి లాక్కున్నవాడికి అరవై వేల ఏళ్ల పురుగు జన్మ తప్పదని వాటి భావం. ఇచ్చింది వెనక్కి తీసుకోవడం ఆ లెక్కన మహాపాపం.

ఉపకార వేతనం ఆ కోవలోకి రాదు. అది షరతులతో ఇచ్చే సాయం. ఫలానా కోర్సులో, ఫలానా కాలేజీలో, ఇంత హాజరుతో చదువుతున్నంత కాలమే అది విద్యార్థిది. షరతు తప్పితే హక్కు ఆగుతుంది. తప్పిన తేదీ తర్వాత కూడా సొమ్ము వస్తూ ఉంటే అదే అధికం. ఇంతవరకు చిక్కు లేదు. చిక్కంతా ఆ తేదీని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ నమోదు చేశారన్న దగ్గర మొదలవుతుంది.

  

సొమ్ము నడిచిన దారి

షెడ్యూల్డు కులాల పిల్లలకు పదో తరగతి తర్వాతి చదువులకు ఇచ్చే కేంద్ర ఉపకార వేతనం 1944లో మొదలైంది. రికవరీకి సంబంధించిన మూల నియమాలు చాలావరకు ఆ పథకం మార్గదర్శకాల్లోవే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008-09 ప్రాంతంలో వెనుకబడిన తరగతులకు, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు కూడా ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించింది. దరఖాస్తులు ‘ఈ-పాస్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి వచ్చాయి. కాలేజీ ఫీజు భాగాన్ని ఆర్‌టీఎఫ్ అనీ, విద్యార్థి ఖర్చుల భాగాన్ని ఎంటీఎఫ్ అనీ అప్పటినుంచే పిలుస్తున్నారు. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని ‘జ్ఞానభూమి’ పోర్టల్‌కు మారింది.

2019 తర్వాత ఫీజు భాగం జగనన్న విద్యాదీవెన, ఖర్చుల భాగం వసతిదీవెన అయ్యాయి. వసతిదీవెనను 2020 ఫిబ్రవరి 24న విజయనగరంలోనే ప్రారంభించారు. ఐటీఐ విద్యార్థికి ఏడాదికి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ, ఆపై చదువులకు 20,000 రూపాయలు, రెండు వాయిదాల్లో. విద్యాదీవెనను 2021 ఏప్రిల్ నుంచి నాలుగు వాయిదాలుగా తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. తల్లి దాన్ని వారం పది రోజుల్లో కాలేజీకి కట్టాల్సి ఉండేది. కాలేజీలు కోర్టుకెళ్లగా, తల్లుల ఖాతాల్లో వేసే నిబంధనను 2021 సెప్టెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి కొట్టేశారు. వ్యాజ్యాల నడుమనే ఆ పద్ధతి సాగి, 2023 చివర్లో తల్లీ విద్యార్థుల ఉమ్మడి ఖాతాల దగ్గరికి వచ్చింది. 2024లో వచ్చిన ప్రభుత్వం ఫీజును మళ్లీ నేరుగా కాలేజీలకే చెల్లించాలని నిర్ణయించింది.

కేంద్ర వాటా దారి వేరు. షెడ్యూల్డు కులాల ఉపకార వేతనాన్ని 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం మార్చి, ఐదేళ్లకు 59,048 కోట్ల రూపాయల అంచనాతో 60:40 నిష్పత్తి పెట్టింది. 2021-22 నుంచి కేంద్రం ఇచ్చే 60 శాతం నేరుగా విద్యార్థి ఖాతాకే వెళుతుంది. అంటే ఒకే విద్యార్థి, ఒకే ఏడాది ఫీజు, ఇద్దరు దాతలు, రెండు ఖాతాలు. మధ్యలో చదువు ఆగితే ఎవరికి ఎంత తిరిగి ఇవ్వాలన్న లెక్క ఇక్కడే రెండు ముక్కలవుతుంది.

ఎక్కువ ఎలా అవుతుంది

అన్నిటికంటే మామూలు కారణం చదువు మధ్యలో ఆగడం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి కుటుంబాలు కుటుంబాలే విశాఖకో హైదరాబాదుకో చెన్నైకో పనులకు పోవడం కొత్త కాదు. తండ్రి జబ్బుపడితే కొడుకు రెండో ఏడాదిలో చదువు వదిలి పనిలో చేరతాడు. కాలేజీ రిజిస్టరులో అతని పేరు ఇంకా ఉంటుంది. టీసీ (బదిలీ పత్రం) తీసుకుంటే తప్ప ‘మానేశాడు’ అని ఎవరూ నమోదు చేయరు. టీసీ అడగాలంటే పాత బకాయి కట్టమంటారన్న భయంతో అతను అటుపక్కకే పోడు. ఈలోగా గత ఏడాది వాయిదా ఈ ఏడాది విడుదలై అతని పేరున జమవుతుంది. ఇందులో మోసం చేసినవాడు ఒక్కడూ లేడు. అతను ఆఖరి క్లాసుకు వెళ్లిన రోజుకూ, ఆ సంగతి పోర్టల్‌లోకి ఎక్కిన రోజుకూ మధ్య ఉన్న ఎడమే అధిక చెల్లింపు అయింది.

కాలేజీ మారడం దీనికి చుట్టమే. నరసన్నపేటలో డిగ్రీలో చేరి, కౌన్సెలింగ్ ఆఖరి విడతలో ఇంజనీరింగు సీటు వచ్చి రాజాం వెళ్లిపోయిన విద్యార్థి పేరు రెండు చోట్లా ఉంటుంది. ఆధార్ ఒక్కటే కనుక ఈ జంట నమోదు ఇప్పుడు త్వరగానే బయటపడుతోంది. బయటపడితే మాత్రం తరచుగా రెండూ నిలిచిపోతాయి.

హాజరు మరో కారణం. 75 శాతం తప్పనిసరి. బయోమెట్రిక్ వేలిముద్ర పడని రోజులు గైర్హాజరుగా లెక్కకెక్కి, తర్వాత సరిచేస్తే అర్హత తిరిగొస్తుంది. ఎక్కువ వేసి ఉన్న హాజరును తనిఖీలో తగ్గిస్తే అప్పటికే వచ్చినది అధికమవుతుంది.

అర్హత విషయంలో వచ్చే తేడాలు గ్రామ సచివాలయంలో తేలతాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. దానికి తోడు భూమి, కారు, ఆదాయపు పన్ను, ప్రభుత్వోద్యోగం లాంటి వడపోతలున్నాయి. అన్నకు ఉద్యోగం వచ్చి రేషను కార్డు విడిపోకపోతే తమ్ముడి అర్హత పోతుంది. వెల్ఫేర్ అసిస్టెంటు వచ్చి థంబ్ వేయించుకుపోయిన రోజుకు ఇంట్లో ఉన్న పరిస్థితే లెక్క. ఆ తర్వాత మారిన పరిస్థితి మళ్లీ తనిఖీ జరిగే దాకా కనబడదు.

ఒకేసారి రెండు ఉపకార వేతనాలు పుచ్చుకోవడం కూడా తరచుగా ఎదురయ్యేదే. ఇక్కడ మార్గదర్శకం స్పష్టంగా ఉంది. రెండు వస్తే విద్యార్థి తనకు లాభసాటిగా ఉన్నది ఎంచుకుని కాలేజీ ద్వారా తెలియజేయాలి. రెండోదాన్ని అంగీకరించిన తేదీ నుంచి మొదటిది ఆగుతుంది. అంతకు ముందు పుచ్చుకున్నది అతనిదే. ఉచిత వసతి, పుస్తకాలకూ భోజనానికీ ఇతరులు చేసే సాయం ఈ లెక్కలోకి రావు. హాస్టల్లో తింటున్నావు కనుక డబ్బు కట్టాలి అని ఎవరైనా బెదిరిస్తే, ఆ మాట నియమంలో ఉందో లేదో అడగవచ్చు.

సాంకేతిక పొరపాట్లలో పెద్దది ఆధార్ అనుసంధానం. ఆధార్ ద్వారా వేసే సొమ్ము ఖాతా నంబరును చూడదు. ఆ ఆధార్‌కు చివరగా ఏ బ్యాంకు అనుసంధానమైందో అక్కడికి పోతుంది. నంబరు తప్పుగా కలిస్తే ఒకరి సొమ్ము మరొకరి ఖాతాలో పడుతుంది. అలా పడినది పొందినవారికి పూర్తిగా అధికమే, రావలసినవారికి పూర్తిగా బకాయే.

దొంగ విద్యార్థుల పేర్లతో కాలేజీలే దోచుకున్న కేసులు వేరే జాతి. హిమాచల్‌ప్రదేశ్‌లో 250 కోట్ల రూపాయలకు పైబడిన ఉపకార వేతనాల కుంభకోణంపై 2019లో సీబీఐ కేసు పెట్టింది. మైనారిటీ ఉపకార వేతనాల విషయంలో పరిశీలించిన 1,572 సంస్థల్లో 830 బోగస్‌వో పనిచేయనివో అని తేలడంతో 2023లో కేంద్రం ఆ వ్యవహారాన్ని సీబీఐకి అప్పగించింది. ఇవి నేరాలు. వీటిని చూసి చేసే కట్టుదిట్టాల బరువు తరచుగా, టీసీ తీసుకోని ఆ రెండో ఏడాది కుర్రాడి మీద పడుతుంది.

లెక్క కట్టే తీరు

నెలసరి సాయానికి 2021కి ముందటి మార్గదర్శకాల్లో ఒక చక్కని నియమం ఉండేది. ఏప్రిల్ నుంచి గానీ, చేరిన నెల నుంచి గానీ, ఏది తర్వాతైతే అప్పటినుంచి లెక్క మొదలయ్యేది. పరీక్షలు ముగిసిన నెలతో ఆగేది. సెలవులు కూడా కలిపేవారు. నెలలో 20వ తేదీ దాటాక చేరితే ఆ నెల పోయి, తర్వాతి నెల నుంచి లెక్క. అంటే ఆగస్టు 20న చేరిన విద్యార్థికి ఆగస్టు నుంచి, 22న చేరిన స్నేహితుడికి సెప్టెంబరు నుంచి. 2010 నాటి రేట్లలో సాధారణ డిగ్రీ చదివే డే స్కాలర్‌కు నెలకు 300 రూపాయలు. 22న చేరినవాడికి ఆగస్టు నెల కూడా కలిపి ఇస్తే అధికం 300. రెండు రోజుల తేడాకు ఒక నెల పోవడం అన్యాయంగా కనబడవచ్చు గానీ, గీత ఎక్కడో ఒకచోట గీయాలి. గీత ముందే అందరికీ తెలిసి ఉండడం దాని మంచితనం.

2021 మార్గదర్శకాలు నెలలను తీసేసి ఏడాదికి ఒక మొత్తం పెట్టాయి. వృత్తివిద్యల హాస్టలర్‌కు 13,500 నుంచి కింది తరగతి కోర్సు డే స్కాలర్‌కు 2,500 దాకా. ఇంటికి చేరేది ఒకేసారి వస్తుంది కనుక సుఖమే. కానీ నవంబరులో చదువు ఆపిన విద్యార్థి ఎన్ని నెలలకు అర్హుడో చెప్పే కొలబద్ద ఈ పద్ధతిలో చేతికందదు. నెలసరి లెక్కలో తప్పు జరిగినా ఒకట్రెండు నెలలకే జరిగేది. ఏడాది మొత్తంలో తప్పు జరిగితే మొత్తానికే జరుగుతుంది.

ఫీజు లెక్క వేరు. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏడాది ఫీజు 40,000, నాలుగు వాయిదాలు, ఒక్కొక్కటి 10,000. విద్యార్థి రెండు వాయిదాల కాలం సరైన హాజరుతో చదివి మూడో భాగంలో మానేశాడు. పోర్టల్‌లో ఆ సంగతి ఎక్కక మూడో వాయిదా కూడా వెళ్లింది. అతను అర్హుడైనది 20,000కు, విడుదలైనది 30,000, అధికం 10,000. ఇదే ఫీజు ఒకే దఫాలో వెళ్లి ఉంటే అధికం 20,000 అయ్యేది. వాయిదాలు పెట్టడం ప్రభుత్వానికి నగదు సర్దుబాటుకే పనికొస్తుందనుకుంటారు గానీ, అధిక చెల్లింపును కట్టడి చేసే మొదటి సాధనం అదే. విదేశాల్లో చదివేవారికి ఇచ్చిన విదేశీ విద్యాదీవెనలో మొదటి వాయిదాను అక్కడ దిగినట్టు చూపే వలస పత్రంతో, మిగతావాటిని సెమిస్టరు ఫలితాలతో ముడిపెట్టడంలోనూ ఇదే ఆలోచన ఉంది.

రీయింబర్స్‌మెంట్‌లో ఏ ఫీజు కలుస్తుందో కూడా చూడాలి. తిరిగి ఇచ్చేయవలసిన డిపాజిట్లు, అంటే కాషన్ డిపాజిట్ లాంటివి, రీయింబర్స్‌మెంట్ కిందికి రావు. కాలేజీ వాటిని కలిపి బిల్లు పెట్టి సొమ్ము పొందితే అంతా అధికమే. మేనేజిమెంటు కోటాలోనో స్పాట్ అడ్మిషన్‌లోనో చేరి, ఈ సాయానికి అర్హత లేని విద్యార్థికి వచ్చినా అంతే.

ఫీజే తర్వాత మారితే? 2002 నాటి టీఎంఏ పాయ్ తీర్పు, 2003 నాటి ఇస్లామిక్ అకాడమీ తీర్పుల తర్వాత రాష్ట్రాలు ఫీజుల కమిటీలు పెట్టుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి ఆ పని ఉన్నత విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌ది. కమిషన్ ఫీజు తగ్గించడం, కాలేజీ కోర్టుకెళ్లి పెంచుకోవడం, పై కోర్టులో మళ్లీ తగ్గడం జరుగుతూనే ఉంటాయి. ఏడాదికి 50,000 అని చెల్లించాక 43,000 అని తేలితే ఒక్కో విద్యార్థి మీద 7,000 అధికం. దాన్ని కాలేజీ తర్వాతి బిల్లులో కోసుకుంటారు. ఇందులో విద్యార్థికి సంబంధం లేదు. కానీ ప్రభుత్వ సొమ్ము ఆలస్యమై విద్యార్థే 50,000 కట్టి ఉంటే, ఆ 7,000 అతనికే రావాలి. ఈ రెండో సగం గుర్తు చేసేవాళ్లు తక్కువ.

సీటు వదులుకున్నవారి విషయంలో యూజీసీ 2018 అక్టోబరు ప్రకటన పనికొస్తుంది. ప్రవేశాల ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు వదిలితే మొత్తం ఫీజు, 15 రోజుల లోపైతే 90 శాతం, ఆఖరి తేదీ దాటిన 15 రోజుల్లోగా 80 శాతం, ఆ పైన 30 రోజుల దాకా 50 శాతం, తర్వాత ఏమీ లేదు. మొత్తం ఫీజు ఇచ్చేటప్పుడు మాత్రం ఐదు శాతం, అదీ 5,000 రూపాయలు మించకుండా, ఖర్చుల కింద పట్టుకోవచ్చు. ప్రభుత్వమే ఫీజు కట్టిన విద్యార్థి విషయంలో ఈ తిరుగు సొమ్ము ఖజానాకు చేరాలన్నది సహజ న్యాయం.

మరొక అపోహ. శ్రీకాకుళంలో 2022 జూన్ 27న జరిగిన సభలో విడుదలైన, బడి పిల్లల సాయమైన అమ్మఒడిలో 15,000కు గానూ తల్లులకు 13,000 వచ్చాయి. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనంలోనూ అంతే. ఆ రెండు వేలు బడి, మరుగుదొడ్ల నిర్వహణ కోసం ముందే పక్కన పెట్టినవి. దాన్ని రికవరీ అనుకుని సచివాలయం మెట్లెక్కినవారున్నారు. వెనకటి బాకీకి కోసుకున్నప్పుడే అది రికవరీ.

ఎవరి చేతిలో పడిందో వారే

కాలేజీకి నేరుగా వెళ్లిన సొమ్ము తిరిగి రాబట్టడం తేలిక. ప్రభుత్వం కాలేజీకి ఎప్పుడూ ఏదో ఒక బకాయి పడి ఉంటుంది కనుక తర్వాతి విడుదలలో సర్దుకుంటారు. ఇబ్బందల్లా, ఆ సర్దుబాటు ఏ విద్యార్థి పేరున జరిగిందో కాలేజీ లెక్కలో కనబడకపోవడం. కోత పడిన 10,000ను కాలేజీ ఆ విద్యార్థి పద్దులో బాకీగా రాసుకుని, అతను సర్టిఫికెట్ల కోసం వచ్చినప్పుడు అడుగుతుంది. ఖజానాకు, కాలేజీకి మధ్య తేలిపోయిన లెక్క కాలేజీకి, విద్యార్థికి మధ్య మళ్లీ పుడుతుంది. చదవని కాలానికి ఫీజు ఎందుకు కట్టాలన్నది అతని ప్రశ్న, సీటు ఖాళీగా పోయిందన్నది కాలేజీ జవాబు. ఒరిజినల్ సర్టిఫికెట్లను అట్టేపెట్టుకోరాదని పైన చెప్పిన యూజీసీ ప్రకటనలోనే ఉంది.

తల్లి ఖాతాకు వెళ్లిన సొమ్ము సంగతి మరోలా ఉంటుంది. అర్హతతో వచ్చిన వాయిదాను ఆమె కాలేజీకి కట్టకుండా ఇంటి అవసరానికి వాడితే అది అధిక చెల్లింపు కాదు. సొమ్ము రావలసినవారికే వచ్చింది, చేరవలసినచోటికి చేరలేదు. అది ఆమెకూ కాలేజీకీ మధ్య బాకీ. విద్యార్థి అప్పటికే మానేసి ఉంటే మాత్రం అది ఆమె చేతిలోని అధికం, ప్రభుత్వానికి బాకీ. ఆడిటులో ఈ రెంటినీ ఒకే వరుసలో రాస్తే తగని మనిషి మీద నోటీసు పడుతుంది.

వసూలు

అధికారుల చేతిలో ఉన్న నియమాలు మూడు. తప్పుడు సమాచారంతో ఉపకార వేతనం పొందితే దాన్ని వెంటనే రద్దు చేసి, చెల్లించినది వసూలు చేసి, విద్యార్థిని శాశ్వతంగా అనర్హుల జాబితాలో పెట్టవచ్చు. అనుమతి లేకుండా కోర్సో కాలేజీయో మారితే రద్దు చేయవచ్చు, చెల్లించినది వసూలు చేయవచ్చు. ఏడాది మధ్యలో చదువు మానితే తిరిగి కట్టమనవచ్చు. ఈ మూడింటా వసూలుకు ‘రాష్ట్ర ప్రభుత్వ విచక్షణ’ అన్న మాట తగిలించారు. అంటే వసూలు తప్పనిసరి కాదు. తండ్రి పోయి చదువు ఆపిన పిల్లను వదిలేసే అధికారం నియమంలోనే ఉంది. ఆ అధికారాన్ని వాడాలంటే మాత్రం ఎవరో ఒక అధికారి సంతకం పెట్టి ఆడిటుకు జవాబు చెప్పుకోవాలి. అడగడమే సుఖమని అందుకే అడుగుతారు.

కట్టే దారి మామూలుగా చలానా. తిరిగి వచ్చిన సొమ్ము ఏ పద్దులో పడాలన్నదానికీ నియమం ఉంది. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల సంక్షేమ ఖర్చు 2225 అనే పెద్ద పద్దు కింద ఉంటుంది. అదే ఆర్థిక సంవత్సరంలో తిరిగి వస్తే ఖర్చులోంచి తగ్గిస్తారు. గడిచిన సంవత్సరాలదైతే అదే పెద్ద పద్దు కింద ‘అధిక చెల్లింపుల వసూళ్లు’ అనే 911 చిన్న పద్దులో చూపిస్తారు. చలానా రాసేటప్పుడు పద్దు తప్పు పడితే డబ్బు ఖజానాలో ఉన్నా విద్యార్థి పేరు మీద బాకీ అలాగే ఉంటుంది. చలానా కాగితం పారేయకూడదని గుమాస్తాలు పదే పదే చెప్పడానికి కారణం ఇది.

మొండి బాకీలకు ప్రభుత్వం దగ్గర 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం ఉంది. జనం ‘ఆర్‌ఆర్ యాక్టు’ అనేది దాన్నే. భూమిశిస్తు బకాయిలా వసూలు చేసుకునే ఆ పద్ధతి మొండికేసిన సంస్థల మీద ప్రయోగించవలసిన ఆయుధం. రెండున్నర లక్షల లోపు ఆదాయమని తానే ధ్రువీకరించిన కుటుంబం మీద దాన్ని ఎత్తడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

పొరపాటు ప్రభుత్వానిదైనప్పుడు? ఉద్యోగుల విషయంలో సుప్రీంకోర్టు రెండు పక్కలా మాట్లాడింది. చండీ ప్రసాద్ ఉనియాల్ కేసులో (2012) ఎక్కువ వచ్చినది ప్రజాధనం కనుక తిరిగి ఇవ్వవలసిందే అన్నది. రఫీక్ మసీ కేసులో (2014) కింది తరగతి ఉద్యోగుల నుంచి, రిటైరైనవారి నుంచి, ఐదేళ్లకు పైగా సాగిన అధిక చెల్లింపు విషయంలో వసూలు తగదన్నది. విద్యార్థులకు ఈ తీర్పులు నేరుగా వర్తించవు. కానీ తన తప్పు లేకుండా వచ్చి, చదువుకే ఖర్చైన సొమ్మును ఏళ్ల తర్వాత అడగడంలోని కాఠిన్యం రెండు చోట్లా ఒకటే. కనీసం నోటీసు, లెక్క కాగితం, జవాబు చెప్పుకునే గడువు ఇవ్వకుండా చేసే కోత ఏ కోర్టులోనూ నిలవడం కష్టం.

ఇతర దేశాల్లో

అమెరికాలో పౌరులుగానో గ్రీన్ కార్డుతోనో ఉన్న తెలుగు పిల్లలు ఫెడరల్ గ్రాంటుతో చదువుతూ మధ్యలో మానేస్తే, లెక్క రోజుల మీద నడుస్తుంది. సెమిస్టరు 110 రోజులనుకుందాం. 33వ రోజున మానేస్తే 30 శాతం సంపాదించుకున్నట్టు. 3,000 డాలర్ల గ్రాంటులో 900 అతనిది, 2,100 అధికం. కాలేజీ ఫీజుగా తీసుకున్నది 2,000 అయితే అందులో 70 శాతం, అంటే 1,400 కాలేజీయే 45 రోజుల్లో తిరిగి కట్టాలి. మిగిలిన 700 విద్యార్థి వంతు. అయితే మొత్తం గ్రాంటులో సగానికి, ఇక్కడ 1,500కు, రక్షణ ఉంది. అతని వంతు అంతకు లోపే కనుక కట్టవలసింది సున్నా. 60 శాతం రోజులు దాటాక మానేస్తే మొత్తం అతనిదే. సొమ్ము ఎవరి చేతిలో ఎంత పడిందో సూత్రంలోనే విడదీసి చూపడం ఈ పద్ధతిలో గమనించదగ్గది. ఆ పని శ్రీకాకుళంలో ఆడిటరు వివేకానికి వదిలేశారు.

ఇంగ్లండులో ట్యూషన్ ఫీజు రుణం మూడు టర్ములకు 25, 25, 50 శాతంగా పడుతుంది. మొదటి టర్ములోనే వెళ్లిపోయినవాడి మీద నాలుగో వంతే పడుతుంది. జీవన ఖర్చుల రుణంలో ఎక్కువ వచ్చినదాన్ని తర్వాతి ఏడాది సాయంలో కోసుకుంటారు, చదువు వదిలేస్తే వెంటనే అడుగుతారు.

ఆస్ట్రేలియా అనుభవం హెచ్చరిక లాంటిది. అక్కడ సంక్షేమ భృతి పొందేవారి ఆదాయాన్ని పదిహేను రోజులకోసారి లెక్కగడతారు. 2015 నుంచి ప్రభుత్వం పన్ను శాఖ దగ్గరి ఏడాది ఆదాయాన్ని 26తో భాగించి, ఆ సగటు ప్రకారం అధిక చెల్లింపులు తేల్చి నోటీసులు పంపింది. జనం దాన్ని ‘రోబోడెట్’ అన్నారు. వేసవి సెలవుల్లో మాత్రమే పనిచేసి మిగతా ఏడాది చదువుకున్న విద్యార్థి ఆ సగటులో ఏడాదంతా సంపాదించినట్టు కనబడ్డాడు. లేని బాకీ పుట్టింది. అది లేదని రుజువు చేసే భారమూ అతనిదే అయింది. 2019 నవంబరులో ఫెడరల్ కోర్టు అమాటో కేసులో ఆ లెక్క చెల్లదన్నది. 2023 జూలైలో రాయల్ కమిషన్ నివేదిక ఆ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. సంక్రాంతికి, వేసవికి విశాఖలో తాపీ పనికి వెళ్లి మూడు నెలలు సంపాదించుకొచ్చే కూలీల ఇళ్లకు ఏడాది ఆదాయాన్ని పన్నెండుతో భాగించినా, ఒక నెల సంపాదనను పన్నెండుతో హెచ్చించినా అలాంటి ఫలితమే వస్తుంది. తహశీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం మీద ఉండే ఒక్క అంకె ఆ మూడు నెలలదో పన్నెండు నెలలదో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు.

మళ్లీ ఇక్కడికి వస్తే, విద్యార్థి దగ్గర ఉండవలసిన కాగితాలు నాలుగు: కాలేజీలో చేరిన తేదీ చూపే రసీదు, మానేస్తున్నట్టు రాసి ఇచ్చిన అర్జీకి కాలేజీ ముద్ర వేసిన నకలు, ఏ వాయిదా ఏ ఖాతాకు వచ్చిందో చూపే బ్యాంకు పాసు పుస్తకం, తిరిగి కడితే పద్దు నంబరుతో సహా చలానా. వీటిలో రెండోది తీసుకునేవాళ్లు బహు అరుదు. పైన చెప్పిన లెక్కల్లో ఎక్కువ భాగం నిలిచేదీ పడిపోయేదీ దాని మీదున్న తేదీతోనే.